మా నాచారం నవజ్యోతి బ్యాండ్

పొద్దున చిల్కానగర్ సందులో పెళ్లి బ్యాండు పోతుంటే, చింతపండుతో తోమిన ఇత్తడి వాసన ముక్కుకు తగిలినట్టయింది. మా వయసు వాళ్లకు గుర్తుందా, పెద్ద డోలు మీద ఎర్ర రంగుతో బ్యాండు పేరు రాసేవాళ్లు?

మా నాయిన నాచారంలో ఆరుగురితో నడిపిన బ్యాండు పేరు నవజ్యోతి. సికింద్రాబాదులో పేరుమోసిన పెద్ద బ్యాండు పేరూ అదే. ఆ బ్యాండు కోసం వెతుక్కుంటూ వారానికి ఒకరైనా మా వాకిట్లోకి వచ్చేవారు. నాయిన వాళ్లను కూర్చోనిచ్చేవాడు కాదు. "మేం కాదన్నా, మీకు గావాల్సింది వాళ్లు" అని దారి చెప్పి బస్సు ఎక్కించి వచ్చేవాడు.

అమ్మకు ఒళ్లు మండేది. "పేరన్న మార్చు, లేకుంటే నోరన్న మూసుకో!"

"పాస్టరయ్య ప్రార్థన చేసి పెట్టిన పేరు. ఎట్ల మారుస్త?"

ఒకసారి రెండు నెలలు ఒక్క పెళ్లీ రాలేదు. అప్పుడు ఉప్పల్ నుంచి ఒకాయన వచ్చి "నవజ్యోతి..." అన్నాడో లేదో, నాయిన ఆయన్నీ బస్సెక్కించాడు. దేవుడా, ఇప్పుడు తలుచుకున్నా నాకు చిరాకే!

సాయంత్రం ఆ ఉప్పల్ ఆయన చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"ఏందన్నా, గంత దూరం తిప్పినవ్? మా ఇంట్ల సావుకు వాయించినోళ్లు మీరేనా అనడిగితే, వాళ్లు సావులకు పోరంట. మా నాయిన సమాధి కాడ వానలో తడుసుకుంట వాయించింది మీరేనట గద! నా బిడ్డ పెండ్లికి మీరే రావాలె."

నాయిన ఏదో అనబోయాడు. అమ్మ లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది.

"నువ్వు కూసో అన్నా," అంది ఆయనతో. నాయిన వైపు తిరిగి, "నువ్వు మాట్లాడకు."