పొగలా పడిన అమ్మ

నా చిన్నప్పుడు మా అమ్మకు మొహం లేదు. ఉన్న మాటే రాస్తున్నాను. మా పేటలో ప్రార్థన గుడి కట్టిన ఏడాది తీసిన పటం ఒకటి పాదిరిగారి బంగళా వసారాలో వేలాడుతూ ఉండేది. సున్నం గోడ ముందు మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క నిలబడ్డారు. అందరి కళ్లూ ముక్కులూ, బడి పంతులుగారి కోటు బొత్తాలతో సహా, తేటగా కనిపిస్తాయి. ఆడవాళ్ల వరసలో చివరి మనిషికి మాత్రం కోక ఉంది, చేతులు ఉన్నాయి, మెడ పైన తెల్లటి పొగ ఉంది. ఆవిడే మా అమ్మ. నాకు పళ్లు రాకముందే వాంతుల జబ్బులో పోయింది. ఆవిడది ఇంకో పటం లేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దవాళ్లు కబుర్లలో పడితే నేను వెళ్లి ఆ పటం కింద నిలబడేదాన్ని. తల అటు వంచి, ఇటు వంచి చూసేదాన్ని. ఎండ వేళ ఒకలా, మబ్బు వేళ ఒకలా ఆ పొగలో ఏదో కదిలినట్టే ఉండేది. ఈ వారం కాకపోతే పై వారమైనా మొహం తేలుతుందని నా ఆశ.

ఒక వారం పక్కింటి అక్క నా వెనకాలే వచ్చింది. వయసులో నాకంటే పెద్దది, నోరు ఇంకా పెద్దది.

"ఎంతసేపు చూసినా అంతేనే. చచ్చిపోయేవాళ్ల మొహం పటంలో పడదంట. పటం తీసే పెట్టెకి ముందే తెలిసిపోద్దంట," అంది.

ఆ పూట అన్నం ముట్టలేదు. నన్ను పెంచిన మా అమ్మమ్మ అడిగింది, తిట్టింది, మళ్లీ అడిగింది. చివరికి, "ఆ పెట్టె అమ్మని తినేసిందా?" అన్నాను.

మా అమ్మమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని ఓదార్చే మనిషి కాదు. రెక్క పట్టుకుని దొడ్లోకి లాక్కెళ్లి నన్ను తన ఎదురుగా నిలబెట్టింది. "నేనిప్పుడు పటం తీసేవాణ్ణి. చాలనేదాకా రెప్ప కూడా ఆడించకు. కదిలావో, వీపు చిట్లిపోద్ది," అని చెంగు నెత్తి మీద కప్పుకుంది. ఏడుపులోనే నవ్వు వచ్చింది, బిగబట్టాను. ఆవిడ మెల్లగా నా వెనక్కి నడిచింది. అక్కడ నా మేకపిల్ల కట్టి ఉంది. తల్లి చచ్చిపోతే నేనే గుడ్డ ముంచి పాలు పట్టి పెంచుతున్నాను. ఏం చేసిందో గానీ అది ఒక్కసారి గట్టిగా అరిచింది. నేను గిరుక్కున వెనక్కి చూశాను.

"కదలొద్దన్నానా? కొడతానన్నానా?"

"అది అరిచింది గదా అమ్మమ్మా!"

"అరిస్తే?"

"ఏమో. తల అదే మళ్లింది."

"మీ అమ్మకీ అదే మళ్లిందే."

అప్పుడు చెప్పింది. పటం తీసేవాడు ధవళేశ్వరం నుంచి కాలువ పడవలో వచ్చాడట. చంటిపిల్లలు కదిలి పటం పాడుచేస్తారని అందర్నీ గుడి వెనక చాప మీద పడుకోబెట్టించాడట. వాళ్లకు కాపలా మా అమ్మమ్మ. అందుకే ఆవిడా పటంలో లేదు. పెట్టె మూత తీసిన క్షణాన్నే నేను గుక్కపట్టి ఏడ్చానట. "నీకు తోడు ఇంకో ఇద్దరు ముగ్గురు ఏడుపెత్తుకున్నారే. వాళ్ల తల్లులు పంతులుగారికి భయపడి కొయ్యల్లే నిలబడ్డారు. మీ అమ్మ మాత్రం నిలబడలేదు, తల తిప్పేసింది. కదిలిన మొహం పటంలో పొగైపోద్దంట. వాడేమో పటం పడే అద్దం పలక ఇంకోటి లేదు, పడవకి వేళయిందని పోయాడు," అంది.

ఆ సాయంత్రమే నన్ను బంగళా వసారాకి తీసుకెళ్లింది. "పొగ ఎటు సాగిందో చూడు," అంది. చూశాను. గుడి వెనక వైపుకి, నేను ఏడ్చిన వైపుకి సాగి ఉంది. అన్నాళ్లూ దాన్ని మొహం లేని మనిషనుకుని చూశాను గానీ, నా వైపు తిరుగుతున్న మనిషని ఎవరూ చెప్పలేదు.

బంగళా పడగొట్టిన నాడు ఆ పటం అడిగి తెచ్చుకున్నాను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకుని, మొదట దాని వెనక మా అమ్మ పేరు రాసుకున్నాను. వంకరగానే ఉంది. మొన్న మా మనవడు వంశం చరిత్ర రాస్తానని బడి పటాలూ గుడి పటాలూ పోగుచేసి నా ముందు పరిచాడు. బడి పటాల్లో నన్ను వెతకొద్దన్నాను. ఆ రోజుల్లో నేను మేకల వెంట ఉన్నాను.

"దీంట్లో కూడా నువ్వు లేవు గదా మామ్మా?" అన్నాడు గుడి పటం చూసి.

ఆ పొగ మీద వేలు పెట్టాను. "ఇక్కడున్నాను. రాసుకో," అన్నాను.

మా అమ్మ మొహం ఎలా ఉండేదో ఈనాటికీ తెలియదు. ఇక తెలియదు కూడా. గుళ్లో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నప్పుడు వెనక ఏ పసిబిడ్డ ఏడ్చినా ఈ ముసలి తల మాత్రం అటు మళ్లుతుంది. పాదిరిగారు కళ్లు తెరిచి నన్నే చూస్తారు. చూడనీ.