తెడ్డుకు అడ్డుపడిన చెయ్యి

నా చిన్నప్పుడు మేము నందికొట్కూరు అవతల, కృష్ణ వెనకనీళ్ల ఒడ్డున ఉండేవాళ్లం. మా నాయనకు, చిన్నాయనకు కలిపి ఒక చిన్న తెరచాప పడవ ఉండేది. చేపలే మా బతుకు. నాయన కష్టజీవి. కానీ కోపమొస్తే చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవాడు. అమ్మ వీపు మీద, నా కాళ్ల మీద ఆ వాతలు ఎప్పుడూ ఉండేవి.

ఒకరోజు పొద్దున గాలి బలంగా కొట్టింది. తెరచాప తాడు కట్టే ఇనుప కొక్కెం స్క్రూలతో సహా ఊడి ఎగిరి, చిన్నాయన దవడను చీల్చింది. ఒడ్డుకు చేరేసరికి ఆయన నోటినిండా నెత్తురు, రెండు పళ్లు లేవు. ఆయన్ను అమ్మకు అప్పజెప్పి, నాయన తెడ్డు పట్టుకుని పరుగెత్తాడు. ఏడుస్తూ నేనూ వెనకే పోయాను.

ఆ కొక్కెం బిగించింది పడవలు బాగుచేసే సాయిబు తాత. "నా తమ్ముణ్ని సంపుతాంటివి గదరా!" అంటూ నాయన ఆ ముసలాయన భుజం మీద కొట్టాడు. తాత చెక్కల మీద పడ్డాడు. కనుబొమ్మ చిట్లింది. నెత్తురు తుడుచుకుంటూ లేచి, "పడవ యాడుందప్పా? సూద్దాం పద" అన్నాడు.

ఒడ్డున పడవలో, స్క్రూ ఊడిన బెజ్జాన్ని ఉలితో గీకాడు. నల్లగా కుళ్లిన చెక్కతో పాటు నాలుగు అగ్గిపుల్లలు బయటికొచ్చాయి.

"ఇవి నేను పెట్టినవి కావప్పా."

"నువ్వే పెట్టినావ్!"

నాకు తెలుసు. వారం కిందట స్క్రూ వదులై ఊరికే తిరుగుతుంటే, నాయనే పుల్లలు కుక్కి బిగించాడు. ఎలా నోరొచ్చిందో ఏమో, "నువ్వే గదా నాయనా పెట్టింది! అగ్గిపెట్టె నేనే తెచ్చిస్తి" అనేశాను.

తెడ్డు నా మీదికి లేచింది. కళ్లు మూసుకున్నాను. దెబ్బ చప్పుడు వినబడింది గానీ నాకు తగల్లేదు. చూస్తే, సాయిబు తాత చెయ్యి అడ్డంగా ఉంది. మోచేతి కింద ఎముక విరిగింది.

"ఇంగా కొట్టాలంటే నన్నే కొట్టు. పిల్ల జోలికి పోవద్దు" అన్నాడు, పళ్లు బిగబట్టి.

నాయన తెడ్డు వదిలేసి బురదలో కూలబడ్డాడు. మా నాయన ఏడవడం అదే మొదటిసారి చూశాను.

చేతికి కట్టుతో తాత మూడోరోజు మా పడవ దగ్గరికి వచ్చాడు. పని నాయనతోనే చేయించాడు. "కుళ్లిందంతా గీకు. ఇంగా గీకు, మంచి చెక్క తగిలే దాంకా." బెజ్జం ఎండాక టేకు చెక్క మేకును జిగురు పూసి దిగ్గొట్టించాడు. మర్నాడు దాంట్లో సన్నని బెజ్జం కొత్తగా తొలిపించి, కొక్కెం బిగింపజేశాడు. ఎవరి మాటా వినని నాయన తల ఎత్తకుండా అన్నీ చేశాడు.

ఆ రోజుతో నాయన కోపం పోయిందంటే అబద్ధమే. అరుపులు ఉండేవి. కానీ అమ్మ మీదగానీ నా మీదగానీ మళ్లీ చెయ్యెత్తలేదు. తాత చెయ్యి మాత్రం వంకరగానే అతుక్కుంది.

ఇప్పుడు నంద్యాలలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మొన్న మా వీధిలో ఒకడు పెళ్లాన్ని కొడుతుంటే నా కాళ్లు ఆగలేదు. మధ్యలోకి పోయాను. భుజం కమిలింది. ఈ వయసులో నీకెందుకత్తా అని కోడలు కోప్పడింది. కోప్పడితే కోప్పడనీ. ఆ దెబ్బ ఆ పిల్లకు తగల్లేదు.