ఆండాళుకు పడని పాలు

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి మిగిలింది నమ్మాలని మా మిల్లులో అందరికీ తెలుసు. ఈసారి ఏమీ తీసేయకండి. తిరుపతి వెంకన్న మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

నా భార్య రుక్మిణి ప్రసవం సెలవు ముగించుకుని నూలు చుట్టే రీలింగ్ పనికి తిరిగి మిల్లుకు వెళ్లింది. మా ఆండాళుకు అప్పటికి కూర్చోవడం కూడా రాలేదు. తల్లిపాలు చాలక మా అమ్మ మొదటిసారి సీసాతో ఆవుపాలు పట్టింది. సీసా సగం కాకముందే పాప పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, తాగిందంతా కక్కేసింది. నేను అప్పుడే షిఫ్టు దిగి వచ్చి పాపను ఎత్తుకున్నాను. నా మీసాల నిండా దూది.

"ఆ మీసాల పంజుతోనే బిడ్డను ఎత్తుకొంటివి. దానికే ఒళ్లు రేగె" అంది అమ్మ.

నేనూ అదే నమ్మాను. వీధి కుళాయి దగ్గర ఒళ్లు రుద్దుకుని, తడి పంచతో లోపలికి వచ్చేవాణ్ణి. చివరికి పాపను ఎత్తుకోవడమే మానేశాను. అయినా సీసా పట్టినప్పుడల్లా అదే వరస. తూకం పెరగడం ఆగిపోయింది. ఒకరోజు పాప దొడ్డికెళ్లిన గుడ్డలో నెత్తురు జీర కనబడింది. రుక్మిణి ఆ గుడ్డను మడిచి సంచిలో పెట్టి, పాపను భుజాన వేసుకుని, ఆసుపత్రికని బస్టాపుకు నడిచింది. వెనకాలే నేను.

బ్లడ్ టెస్ట్, స్టూల్ టెస్ట్, స్కిన్ ప్రిక్ టెస్ట్ అయ్యాయి. "మిల్క్ ప్రోటీన్ అలర్జీ" అంది డాక్టరమ్మ. "పాలలోని ప్రోటీన్‌ను బిడ్డ ఒళ్లు పగవాడనుకుంటోంది."

"మేకపాలు పోస్తే?" అన్నాను.

"అదీ ఇలాంటిదే, వద్దు. మీకు ఏం పని?"

"మిల్లులో బ్లో రూమ్ అమ్మా."

"దూది బేలు వస్తే ఏం చేస్తారు?"

"కొట్టి విడదీస్తాము."

"ఎంజైమ్ కూడా అట్లనే. ప్రోటీన్‌ను చిన్న చిన్న ముక్కలుగా తెంచేస్తుంది. ముక్కలను ఒళ్లు గుర్తుపట్టదు. అలా చేసిన పొడి ఉంది, హైడ్రొలైజ్డ్ ఫార్ములా. కొందరు బిడ్డలకు అదీ పడదు. కాబట్టి మొదటి సీసా ఇక్కడే, మా కళ్ల ముందు."

పోదనూరు రైల్వే కాలనీలో ఉన్న మా బావమరిది మద్రాసు నుంచి ఆ పొడి డబ్బా తెప్పించాడు. వార్డులో మూత తీయగానే, పక్క మంచం మనవణ్ణి చూడవచ్చిన ముసలాయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. అంత కంపు. నాలుక మీద వేసుకుంటే చేదు. పాప మాత్రం ఒక గుక్క తాగి, నా ముఖం చూసి నవ్వి, సీసా మొత్తం ఖాళీ చేసింది. దద్దుర్లు వస్తాయేమోనని నర్సు పాప కడుపును చూస్తూ నిలబడింది. నేను నర్సు ముఖాన్ని చూస్తూ నిలబడ్డాను. ఏమీ రాలేదు.

బుగ్గలు తేరుకుంటున్నాయి అనుకునే వేళకు, ఒక శుక్రవారం తలంటు అయ్యాక పాపకు ఊపిరి ఈల వేయడం మొదలైంది. పెదవులు నల్లబడ్డాయి. ఆటోలో రుక్మిణి "ఊపిరి తీయి కణ్ణూ" అంటూనే ఉంది. ఇంజెక్షన్ వేశాక గానీ ఈల తగ్గలేదు.

"పాలు ఇచ్చినారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"సత్యంగా లేదమ్మా" అంది మా అమ్మ. "నీళ్లు పోసి మందు నాకిస్తిని, అంతే. వసకొమ్ము, జాజికాయ, కరక్కాయ."

"సానరాతి మీద దేంతో అరగదీసినారు?"

అమ్మ రుక్మిణి వైపు చూసింది. "తల్లిపాలతో తీయాల. దీనికి పాలు వట్టిపోయె. ఆవుపాలు ఒక చొట్టు వేస్తిని. అది మందు కదమ్మా, పాలని ఎవరనుకొంటారు?"

"ఒక చుక్క చాలు పాట్టీ" అంది డాక్టరమ్మ అమ్మతో. "ఇక ఆ మందే వద్దు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఏడ్చింది చాలు అత్తా, బిడ్డను పట్టుకోండి. నాకు చెయ్యి నొస్తా ఉంది" అంది రుక్మిణి.

ఇప్పుడు ఆండాళు బడికి పోతోంది. ఆసుపత్రిలోనే మళ్లీ కొంచెం కొంచెంగా పాలు పట్టి చూసి, ఇక భయం లేదన్నారు. నా కాఫీ దొంగతనంగా తాగుతుంది. నేను మాత్రం ఇప్పటికీ దాని పెదవులే చూస్తుంటాను.

మీ బిడ్డకు ఈ అలర్జీ ఉంటే, పాలు ఇచ్చారా అని మాత్రమే అడగకండి. మందైనా, ప్రసాదమైనా, దేంతో కలిపారో అడగండి.

ఇక ఒట్టు సంగతి. ఒకచోట కల్పించాను. పాప ఆ పొడిపాలను నవ్వుతూ తాగలేదు. ఉమ్మేసింది. రుక్మిణి చంచాతో బుగ్గలోకి చుక్క చుక్కగా వేసింది. మళ్లీ ఉమ్మేసింది. అలా అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది. మీ బిడ్డ కూడా ఉమ్మేస్తూ ఉంటే, మా పాప నవ్వి తాగిందట కదా అని మీరు దిగులుపడకూడదని చెబుతున్నాను.