గారు తీసెయ్యమన్నారు

పుస్తకం మొదటి పేజీలోనే భయపడొద్దని రాసి ఉంది. నాకు ఒళ్లు మండింది. భయమని నేనెవరికి చెప్పాను? గుంటూరులో పాత పుస్తకాలమ్మే చోట, అట్ట చిరిగినా సరేనని ఏరికోరి కొనుక్కున్నదాన్ని. వెబ్ పేజీ మనిషితో మాట్లాడేలా చేయడం ఎలాగో, అసలేమీ తెలియనివాళ్లకు చెబుతానంది ఆ పుస్తకం. నాకు అసలేమీ తెలియదు. ఇద్దరికీ సరిపోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. డిగ్రీ అయిపోయి చిలకలూరిపేటలో ఖాళీగా ఉన్నాను. హైవే పక్కన ఒక నెట్ సెంటర్ పెట్టారు. పొద్దున్నే తెరిచి, ఊడ్చి, మధ్యాహ్నం దాకా నేను చూసుకోవాలి. బదులుగా ఖాళీగా ఉన్న కంప్యూటర్ మీద నేర్చుకోవచ్చు. అదీ ఓనరుతో నా ఒప్పందం. నాకు అందే కంప్యూటర్ ఊరు మొత్తంలో అక్కడే ఉంది. అది నేర్చుకుని ఉద్యోగం సంపాదించాలి, పత్తి మిల్లులో హమాలీగా బేళ్లెత్తే మా నాన్న చేత ఆ పని మాన్పించాలి. నా పట్టుదలంతా అదే.

ముందు కొట్టు, తర్వాత అర్థం చేసుకో అంటుంది పుస్తకం. కొట్టడమంటే టైపు చేయడమే గానీ, కొన్ని రోజులు కీబోర్డును నిజంగానే కొట్టాలనిపించేది. ఒక్క బ్రాకెట్ మర్చిపోతే చాలు, పేజీ తెల్లమొహం వేసేది. తిట్టుకుంటూ మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

వచ్చినవాళ్ల పేరు అడిగి పలకరించే పేజీ ఒకటి చేయమంది. పుస్తకంలో హలో, పక్కన ఉత్త పేరు, అంతే. మా వైపు పెద్దవాళ్లను అలా పిలిస్తే పోట్లాటకు వచ్చామనుకుంటారు. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లోనే 'నమస్కారం' అని, పేరు తర్వాత 'గారు, కూర్చోండి' అని పెట్టాను. ఓనరు మురిసిపోయి అన్ని కంప్యూటర్లలోనూ పెట్టించాడు. మెషిన్ చేత గారు అనిపించుకోవడానికే కొందరు వచ్చేవారు.

ఒకరోజు మా నాన్న నాకు క్యారేజీ తెచ్చాడు. తల నిండా దూది నలుసులు.

"ఒరేయ్, గుమ్మం దగ్గరే ఉండు, దుమ్ము!" అన్నాడు ఓనరు. నాన్న కంటే బాగా చిన్నవాడు.

పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే. ఆరోజు మాత్రం ఊరుకోలేకపోయాను. నాన్నను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన పేరు టైపు చేశాను. నమస్కారం వచ్చింది, పేరు వచ్చింది, గారు వచ్చింది. కూర్చోండి అని ఉందని చదివి చెప్పాను. అప్పటికే కూర్చుని ఉన్న మనిషి, లేచి మళ్లీ కూర్చున్నాడు.

పక్క కుర్చీలో మిల్లు యజమాని కొడుకు. "ఏంటండీ ఇది? నాకూ గారే, హమాలీకీ గారేనా?" అని ఓనరును అడిగాడు.

నాన్న వెళ్లాక ఓనరు నన్ను పక్కకు పిలిచాడు. "అందరికీ గారు ఏంటమ్మా? మిల్లులోళ్లు, డాక్టర్లు, అలాంటోళ్లకి ఉంచి మిగతావాళ్లకి తీసెయ్. ఇఫ్ అని ఏదో ఉంటుందంట కదా, అది పెట్టు."

ఇఫ్ అధ్యాయం ఆ వారమే చదివాను. ఇలా అయితే అది చెయ్యి, కాకపోతే ఇది చెయ్యి. పుస్తకం వానకీ గొడుగుకీ ముడిపెట్టి ఓపిగ్గా వివరించింది. నాకు అంత వివరం అక్కర్లేదు. మా ఊరు నడిచేదే దానిమీద. పొలం ఉంటే గారు, లేకపోతే ఒరేయ్.

"ఇఫ్ నాకొచ్చండీ. పెట్టను."

"అయితే రేపట్నించి రానక్కర్లేదు."

"సరేనండీ. మా నాన్నని ఏమండీ అని పిలవగలిగిన రోజున రండి, అప్పుడొస్తాను."

నోరు జారలేదు, అనాలనే అన్నాను. ఇంటికొచ్చాక మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. కంప్యూటర్ లేకపోతే ఆ పుస్తకం దేనికి?

"నన్నేమంటే ఏముందిలేమ్మా, నాకు అలవాటేగా. నువ్వెళ్లు," అని నాన్న బతిమాలాడు.

వెళ్లనన్నాను. పాత క్యాలెండర్ కాగితాల వెనక ప్రోగ్రాములు రాసుకుంటూ కూర్చున్నాను. కాగితం తప్పు చూపించదు, అదే దాంతో చిక్కు.

అక్కడ ఓనరు తనే గారు తీసేయబోయి, పక్కనున్న కొటేషన్ గుర్తును కూడా చెరిపేశాడట. దాంతో పేజీ మొత్తం నోరు మూసుకుంది. మిల్లు యజమాని కొడుక్కి కూడా నమస్కారం లేకుండా పోయింది.

ఒక సాయంత్రం మా ఇంటి ముందు స్కూటర్ ఆగింది. నేను లోపల బియ్యం కడుగుతున్నాను. "ఒరే..." దాకా వచ్చి ఆగిపోయిన గొంతు వినపడింది. తర్వాత ఒక దగ్గు.

"ఏమండీ, అమ్మాయి ఉందాండీ?"

తొంగిచూశాను. నాన్న అరుగు మీదే ఉన్నాడు. పక్కింటాయన్ను పిలుస్తున్నారనుకుని అటు చూస్తున్నాడు.

చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాను.

"నాన్నా, నిన్నే."