వెంకట్రాములు సారు ఇంటర్నేషనల్ కాయిదాలు

వెంకట్రాములు సారుకు ఉన్నది ఒక్కటే జబ్బు. ఆయన కాయిదాలు పుట్టిస్తాడు. ఉన్న నియమాన్ని పాటించేవాళ్లు లోకంలో కొందరు, దాన్ని తప్పించుకునేవాళ్లు చాలామంది. లేని నియమాన్ని నిలబడ్డచోటే కని, దానికో నంబరు తగిలించి, "గిది ఇంటర్నేషనల్ కాయిదా" అని కళ్లార్పకుండా చెప్పగలిగినవాడు మాత్రం నాందేడ్ మొత్తానికి ఈయనొక్కడే.

టీ బండి దగ్గర మొదటి గ్లాసు ఎవరికివ్వాలన్నదానికి ఆయన దగ్గర కాయిదా ఉంది: అందరికంటే దూరం నుంచి నడిచొచ్చినవాడికి. రైల్లో కిటికీ సీటుకు ఇంకోటి ఉంది: మొదటిసారి రైలెక్కినవాళ్లది. ఓసారి టికెట్ల తనిఖీకి వచ్చినాయన "ఇది ఏ పుస్తకంలో ఉంది?" అని నిలదీశాడు. సారు ఆయన్ని జాలిగా చూసి, "కొత్త ఎడిషన్ల ఉన్నది. మీకింక రాలేదా?" అన్నాడు. తనిఖీ ఆయన సిగ్గుపడి, కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మకు తానే సంచి సర్దిపెట్టి వెళ్లాడు.

సొంతూరు మహారాష్ట్రలో, తెలంగాణ పొలిమేరన ఉన్న దెగ్లూరు తాలూకా మర్ఖేల్. వయసు యాభై నాలుగు. నాందేడ్‌లో ఒక హైస్కూలుకు పీటీ మాస్టరు. రెండేళ్ల కింద లాతూరులో మూడు రోజుల బేస్‌బాల్ శిక్షణకని వెళ్లి, ఒక ఎడమచేతి గ్లవుతోనూ, రెండు చేతులా పట్టనంత ఉత్సాహంతోనూ తిరిగొచ్చాడు. స్కూలుకు మైదానం ఉంది. కానీ ఎండాకాలం అక్కడ అప్పడాలు కాల్చుకోవచ్చు, వానాకాలం ఆ నల్లరేగడి పిల్లల బూట్లను మింగి తిరిగివ్వదు. అందుకని ఆట హాల్లోకి వచ్చింది. బంతి అంటే ఉండచుట్టి కుట్టేసిన పాత సాక్సులు. బ్యాటు అంటే బిగించి చుట్టిన పాత పేపర్లు, పైన టేపు. పెయింటు డబ్బాలో నిలబెట్టిన ప్లాస్టిక్ పైపు మీద బంతి పెట్టి కొట్టాలి. కొట్టి, మూడు మూలల్లో పరిచిన మూడు గోనెసంచులు తొక్కి, బయల్దేరిన చోటికి తిరిగి రావాలి. బయల్దేరిన చోటికే రావడానికి ఇంత పరుగెందుకని దేశాలు తిరిగినవాడెవడూ అడగడు. వాడు చేసిందీ అదే కదా.

ఆ హాలు మీద గణితం చెప్పే వత్సల మేడం కన్ను పడింది. ఆమెకు కాయిదా అంటే కాయిదానే. రెండు రెళ్లు ఏ ఎడిషన్‌లోనైనా నాలుగే. దహావీ పిల్లలకు, అంటే పదో తరగతికి, ఎక్స్‌ట్రా క్లాసులు పెట్టడానికి హాలు కావాలని హెడ్‌మాస్టరును అడిగింది. చెప్పని కారణం ఇంకోటుంది. దహావీ గది రెండో అంతస్తులో ఉంది. మెట్లు ముప్పై ఎనిమిది. ఆమె కుడి మోకాలు ఒక్కో మెట్టునూ పేరుపెట్టి తిట్టుకుంటోంది. ఆ సంగతి బయటపెడితే దహావీని ఇంకెవరికో ఇచ్చేస్తారని ఆమె భయం. ఇరవై రెండేళ్లుగా దహావీ ఆమెదే.

హెడ్‌మాస్టరు నెమ్మదైన మనిషి. "వారం రోజులు ఆయన క్లాసు చూడండి మేడం. స్కోరు రాస్తూ కూర్చోండి. అది బేస్‌బాల్ కాదని శనివారం మీరు రిపోర్టిస్తే, సోమవారం నుంచి హాలు మీది, ఆట బందు," అన్నాడు.

సోమవారం వత్సల మేడం అసలు బేస్‌బాల్ నియమాలు పద్దెనిమిది పేజీలు ప్రింటు తీయించుకుని, ఎర్ర పెన్నుతో హాల్లో అడుగుపెట్టింది. పావుగంటలో పెన్ను సగం అయిపోయింది.

"సార్, మూడు స్ట్రైకులకు, అంటే మూడుసార్లు బాల్ తప్పితే, ఔట్ గదా?"

"మొదటిది లెక్కల రాదు మేడం. గది దిష్టికి పోతది."

"అమెరికాల దిష్టి ఉంటదా సార్?"

"తీసేటోళ్లు లేకనే గదా మేడం, అక్కడ మూడింటికే ఔట్ అయితున్నరు!"

ఆమె రాసుకుంది. తర్వాత అనికేత్ అనే బండకొట్టుడు పిల్లాడు బంతిని స్టేజీ మీదికి బాదాడు. బాదినవాడు ఒంటరిగా పరుగెత్తలేదు, ఇంకో పిల్ల చెయ్యి పట్టుకుని ఉరికాడు.

"గిదేంది సార్? ఇద్దరెందుకు ఉరుకుతున్నరు?"

"జోడి కాయిదా మేడం. నంబర్ పదహారు. చెయ్యి వదిలితే ఔట్."

"నా పేజీలల్ల లేదే?"

"మీది పాత ఎడిషన్ కావొచ్చు."

అందరూ ఉత్తి కాళ్లతో ఆడుతున్నారు: కాయిదా నంబర్ తొమ్మిది. ఎవరూ నోరు మెదపడం లేదు. ఔటంటే బొటనవేలు, సేఫంటే రెండు చేతులు చాచడం. నోరు తెరిస్తే అవతలివాళ్లకు ఒక పరుగు. ఇది నంబర్ ఇరవై ఒకటి. పక్కగదిలో తాను చిన్న తరగతులకు చెప్పే క్లాసుకు ఇబ్బంది కాకూడదనే ఈ కాయిదా పుట్టిందని వత్సల మేడం కొన్నాళ్లుగా అనుకుంటోంది, కాస్త గర్వంగా కూడా. అంపైరుకూ, అంటే సారుకూ, స్కోరరుకూ మాత్రం మాట్లాడే హక్కుంది. ఆ హక్కును అంపైరు ఇద్దరి తరఫునా వాడేస్తున్నాడు.

చదరంగం కూడా మన దేశం దాటి పోయినకొద్దీ నియమాలు మార్చుకుంటూనే పోయింది. మన మంత్రి అక్కడ రాణి అయి కూర్చుంది. కానీ దానికి వందల ఏళ్లు పట్టింది. వెంకట్రాములు సారుకు మంగళవారం నుంచి బుధవారం దాకా చాలు.

ఆ బుధవారమే నలభై మూడోది పుట్టింది.

"స్కోరు రాసేటామె చేతులున్న కుర్చీలనే కూసోవాలె. ఆట అయ్యేదాక లేవద్దు. లేస్తే రెండు టీంలకు చెరొక పరుగు కోత."

"చేతుల్లేని కుర్చీల కూసుంటే?"

"మ్యాచే రద్దు మేడం."

స్కూలు మొత్తంలో చేతులున్న కుర్చీ ఒక్కటే ఉంది. అది హెడ్‌మాస్టరుది. నలుగురు పిల్లలు దాన్ని పల్లకిలా మోసుకొచ్చారు. ఆ రోజు హెడ్‌మాస్టరు నిలబడే హాజరు పట్టీల మీద సంతకాలు పెట్టాడు.

శుక్రవారం మధ్యాహ్నం వత్సల మేడం పట్టిక గీసింది. ఒక గడిలో దొంగ కాయిదా, రెండో గడిలో అది పుట్టిన తేదీ. ఇంకేం, శనివారం ఈయన పని అయిపోయినట్టే. తేదీల కోసం అనికేత్‌ను పిలిచింది.

"ఏరా, ఉత్తకాళ్ల కాయిదా ఎప్పుడు పెట్టిండు మీ సారు?"

"రూపాలి బూటు నోరు తెరిచింది చూడుండ్రి మేడం, గా తెల్లారి."

ఆమె రాసుకుంది.

"జోడి కాయిదా?"

"కోమల్ ఇస్లాపూర్ నుంచి అచ్చినంక. దానికి మరాఠీ రాకపాయె, ఎవ్వలు టీంల తీసుకోకపోయేది. నేను గూడ తీసుకోలె."

పెన్ను కొంచెం నెమ్మదించింది. "మరి నోరు మూసుకునే కాయిదా? నా క్లాసు కోసమే గదా?"

"కాదు మేడం. సుమిత్‌కు మాట మధ్యల ఆగుతది గదా. ఔట్ అననీకి పోయి 'ఔ... ఔ...' అని ఆగిపోయిండు. అందరం నవ్వినం. తెల్లారే అందరి నోర్లు బందు." అనికేత్ తల గోక్కున్నాడు. "ఇప్పుడు సుమితే మా దిక్కు నుంచి అపీల్ జేస్తడు మేడం. వానంత జోరుగ బొటనవేలు ఎవ్వలు లేపరు."

వత్సల మేడం పట్టిక వంక చూసింది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. వరుసలో తర్వాతి అంకె ఏమిటో ఆమెకు తెలిసిపోయింది. అయినా అడిగింది.

"కుర్చీ కాయిదా?"

"మీరు మెట్ల మీద మోకాలు పట్టుకొని కూసున్నరు గదా మేడం, మంగళారం? సారు కింది నుంచి చూసిండు. తెల్లారి పెట్టిండు."

సాయంత్రం ఆమె పీటీ గది గుమ్మంలో నిలబడింది. సారు నేల మీద కూర్చుని గోనెసంచికి కుట్టు వేస్తున్నాడు.

"సార్, లాతూర్ల మీరు మంచిగ ఆడిన్రా?"

"ఆడనిస్తే గదా మేడం! యాభై దాటినోళ్లు బాల్ అందియ్యాలె అన్నరు. మూడు దినాలు అందిచ్చిన. ఒక్కపారి గూడ బ్యాటు ముట్టనియ్యలే." దారం పంటితో తెంపి నవ్వాడు. "గది గూడ ఇంటర్నేషనల్ కాయిదానేనట. గప్పుడే అనుకున్న, కాయిదాలు ఎవ్వలైనా పెట్టొచ్చని."

శనివారం హెడ్‌మాస్టరు హాలుకు వచ్చాడు. చేతులున్న కుర్చీలో వత్సల మేడం ఉంది కనుక నిలబడ్డాడు. పిల్లలందరి చూపూ మేడం మీదే ఉంది. సారు విజిలు చేతిలో తిప్పుతున్నాడు, ఆయన చూపు కూడా అక్కడే ఉంది.

"అన్నీ కాయిదా ప్రకారమే ఉన్నయి సార్," అంది వత్సల మేడం. "ఆట బందు పెట్టద్దు. ఆట లేని టైముల దహావీ పిల్లలే గీడికి వస్తరు. నాకు మోకాలు నొస్తది, మెట్లెక్కలేను. దహావీని మాత్రం ఎవ్వలకియ్య."

హెడ్‌మాస్టరు ఆమె మోకాలిని, తన కుర్చీని మార్చిమార్చి చూశాడు. "ముందే చెప్పొచ్చు కదా మేడం? హాలు ఎటూ ఉంది. దహావీ మీది కాక ఇంకెవరిది!"

సారు విజిలు ఊదబోయాడు. వత్సల మేడం కుర్చీలోంచి లేచింది. పిల్లలు నిశ్శబ్దంగా నెత్తులు పట్టుకున్నారు.

"మేడం! లేస్తే చెరొక పరుగు..."

"పోనియ్యుండ్రి. కాయిదా నంబర్ నలభై నాలుగు. ఏడాదికొక్కపారి అంపైరు బ్యాటు పట్టాలె."

"ఏ పుస్తకంల ఉన్నది మేడం?"

"కొత్త ఎడిషన్ల. మీకింక రాలేదా?"

సారు విజిలు తీసి ఆమె చేతిలో పెట్టి, బ్యాటు అందుకున్నాడు. మొదటి దెబ్బ గాలికి తగిలింది. రెండోది డబ్బాకు. మూడోది మళ్లీ గాలికే. హెడ్‌మాస్టరు ఔటన్నట్టు తలాడించబోతుంటే, సుమిత్ ఆయన ముందుకొచ్చి ఒక వేలు చూపించి, దాన్ని సారు చుట్టూ మూడుసార్లు తిప్పాడు. మొదటిది దిష్టికి.

నాలుగో దెబ్బకు బంతి లేచింది. లేచి ఫ్యానుకు తగిలి, కుట్లు ఊడి, పొడుగాటి బూడిదరంగు సాక్సయి రెక్కకు వేలాడుతూ తిరగసాగింది. కోమల్ ఎగిరొచ్చి సారు చెయ్యి పట్టుకుంది. అనికేత్ ఆయన బూట్ల వైపు చూపించాడు: నంబర్ తొమ్మిది. సారు కంగారుగా బూట్లు విప్పాడు. లోపల సాక్సుల్లేవు. ఏడాదిగా బంతులు ఎక్కడినుంచి వస్తున్నాయో అప్పుడు అందరికీ తెలిసింది.

ఇద్దరూ మూడు సంచులూ తొక్కి ఇంటికి చేరారు. హాలంతా చేతులు చాచింది: సేఫ్.

వత్సల మేడం కూర్చుని స్కోరు పుస్తకంలో రెండు పరుగులు రాసింది. ఆ తర్వాత, తాను లేచిన సంగతి గుర్తొచ్చి, రెండు టీంలకూ చెరొక పరుగు కోసేసింది. ఎంతైనా కాయిదా కాయిదానే.