సొంత ఊరు చూడొచ్చిన దోన్ ఆన్సెల్మో

దోన్ ఆన్సెల్మోకి ఒకటే పిచ్చి. తాను పుట్టి పెరిగి, పెళ్ళాడి, డెబ్బై ఒక్క ఏళ్ళుగా ఉంటున్న మా శాన్ తదేయోలోనే, మున్సిపల్ భవనాన్ని వారానికి రెండుసార్లు పర్యాటకుడిలా చూడటానికి వచ్చేవాడు. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి. అలా ఆరేళ్ళు వచ్చాడు. ఆ ఆరేళ్ళూ ఆ భవనం చూపించే గైడుని నేనే కాబట్టి, ఈ సంగతి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు లేరు. నాకంటే ఎక్కువ విసుక్కున్నవాళ్ళూ లేరు.

వేషంలో లోపం ఉండేది కాదు. సంత పక్కన టోపీల కొట్టు ఆయనదే, అందుకని రోజుకో దేశం టోపీ. మెడలో ఫిల్ము లేని కెమెరా. చేతిలో ఊరి పటం, అదీ తలకిందులుగా. భవనం మెట్ల దగ్గర కాపలా ఉండే పోలీసు ఎల్మెర్, చిన్నప్పుడు బాప్తిస్మం నాడు ఈయన చేతుల్లోనే కెవ్వుకెవ్వున ఏడ్చిన పిల్లాడు.

"బాబూ, మున్సిపల్ భవనానికి దారెటు? నేనీ ఊరికి కొత్త."

"ఇదే జ్ఞానతండ్రీ. మీరు దాని మెట్టు మీదే నిలబడ్డారు."

"ఆహా! మీ ఊరి పోలీసులకి ఎంత మర్యాదయ్యా! మీ నాన్నగారెవరు?"

"నిన్న సాయంత్రం మీతో పేకాడి ఓడిపోయిందాయనే."

ఎల్మెర్‌ని దాటుకుని నా దగ్గరికి వచ్చేవాడు. నేను సందర్శకుల పచ్చ బిళ్ళ తీసి, చొక్కాకి గుచ్చి, పుస్తకంలో పేరు రాసుకోవాలి. ఏ దేశమని చెబితే అదే రాసుకోవాలని రూలు.

"ఇవాళ ఏ దేశం నుంచి, దోన్ ఆన్సెల్మో?"

"కెనడా, మేడమ్."

"ఎలా ఉంది కెనడా?"

"చలి. మహా చలి. బంగాళాదుంపలు మాత్రం మన... అదే, మీ బంగాళాదుంపలంత బాగుండవు."

ఒకసారి నిజంగానే జర్మనీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, తలకిందులుగా పటం పట్టుకున్న ఈ ముసలాయన్ని చూసి జాలిపడింది. చెయ్యి పట్టుకుని ఊరంతా తిప్పింది. చర్చి చూపించింది, సంత చూపించింది, చివరికి నీలం తలుపున్న ఒక ఇల్లు బాగుందని దాని ముందు ఆయన్ని నిలబెట్టి ఫోటో తీసింది. పైన వసారాలోంచి ఆయన భార్య తొంగి చూసి, "సూపు చల్లారిపోతోంది, ఆ పిల్లని కూడా లోపలికి తీసుకురా!" అని కేకేసింది. ఆ జర్మనీ అమ్మాయి మా ఊరివాళ్ళ ఆతిథ్యం గురించి మా సందర్శకుల పుస్తకంలో రెండు పేజీలు రాసింది.

ఆయన వేషాలు చూసి నవ్వుకునేదాన్నేగానీ, ఆయన భవనాన్ని చూసే తీరు చూస్తే ఒళ్ళు మండేది. మా సభామందిరం పైకప్పు రెండు వందల నలభై ఏళ్ళనాటి దేవదారు. దాని గురించి నేను తయారుచేసుకున్న ప్రసంగం విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళున్నారు. నేను గొంతు సవరించుకుని, "ఒక్కసారి తలెత్తి పైకి చూడండి" అనేదాన్ని. అందరూ పైకి చూసేవాళ్ళు. దోన్ ఆన్సెల్మో మాత్రం పక్క వరండాలోకి చూసేవాడు.

"మేడమ్, ఆ కిటికీ దగ్గర ఏమిస్తారు?"

"జనన, మరణ పత్రాలు. అది చరిత్ర కాదు, దోన్ ఆన్సెల్మో."

"ఎంత అందమైన కిటికీ! దగ్గరికెళ్ళి చూస్తాను."

ఆ అందమైన కిటికీ వెనక కూర్చునేవాడు గుమాస్తా బసూర్తో. ఊరివాళ్ళొచ్చినా, కొండమీది పల్లెలవాళ్ళొచ్చినా ఆయన తలెత్తడు. "రేపు రండి" అంటాడు. రేపొస్తే, "ఒక కాగితం తక్కువైంది" అంటాడు. ఏ కాగితమో చెప్పడు. కానీ పచ్చ బిళ్ళ ఉన్నవాళ్ళ సంగతి వేరు. మా మేయరుకి పర్యాటకులంటే ప్రాణం. బిళ్ళ పెట్టుకున్నవాళ్ళు ఏమడిగినా ఉద్యోగి లేచి నిలబడి, నవ్వుతూ, వివరంగా చెప్పాలని ఆజ్ఞ. చెప్పకపోతే వాళ్ళు పుస్తకంలో రాస్తారు. సోమవారం జెండా ఎగరేశాక మేయరు ఆ రాతలన్నీ అందరి ముందూ పేర్లతో సహా చదువుతాడు. ఒకసారి తన పేరు విన్నప్పటినుంచి బసూర్తోకి పచ్చ రంగు చూస్తే వణుకు.

కాబట్టి వారానికి రెండుసార్లు బసూర్తో పళ్ళు కొరుకుతూ లేచేవాడు, టై సర్దుకునేవాడు, ముప్ఫై ఏళ్ళుగా తాను ఎవరి కొట్లో టోపీలు కొంటున్నాడో ఆ మనిషికే, మరణ ధ్రువపత్రం తీసుకోవాలంటే ఏయే కాగితాలు కావాలో నవ్వుతూ చెప్పేవాడు.

"మీ కెనడాలో చావులుండవా?" అని ఒకసారి గొణిగాడు.

"ఉంటాయి బాబూ. కిటికీలే ఇంత బాగుండవు. కాస్త గట్టిగా చెప్పు, నాకు చెవుడు."

ఆయనకి చెవుడేమీ లేదు. కొట్లో గుసగుసగా బేరమాడినా వినపడేది.

ఆరో ఏడు మార్చిలో ఒక శుక్రవారం ఆయన స్విట్జర్లాండ్ నుంచి దిగాడు. ఆ రోజు జనన పత్రాల కిటికీ దగ్గర వరుసలో సతుర్నీనా అనే ముసలామె ఉంది. కొండమీది పల్లె, వీపున మూట, పక్కన ఆరేళ్ళ మనవరాలు యెనీ. పుట్టినప్పుడు ఆ పిల్ల పేరు ఎవరూ నమోదు చేయించలేదు. జనన పత్రం లేనిదే బడిలో చేర్చుకోరు, బడిలో పేర్లు రాసుకోవడం ఆ మధ్యాహ్నం పన్నెండుతో ఆఖరు. మూడు సంతరోజులుగా ఆమె రావడం, బసూర్తో రేపు రమ్మనడం నేను చూస్తూనే ఉన్నాను. చూసి, నా పైకప్పు గురించి నేను చెప్పుకుంటూ పోయాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

"బాబూ, నేనీ ఊరికి కొత్త" అంటూ మొదలుపెట్టాడు దోన్ ఆన్సెల్మో. "ఆరేళ్ళ పిల్ల ఉందనుకో. పుట్టినప్పుడు పేరు రాయించలేదనుకో. ఏం చెయ్యాలి?"

బసూర్తో లేచాడు. టై సర్దుకున్నాడు. "మంత్రసాని రాసిచ్చిన కాగితం. అమ్మమ్మో నాన్నమ్మో ఎవరుంటే వాళ్ళ గుర్తింపు కార్డు. ఇద్దరు సాక్షులు."

"సాక్షులు ఎలాంటివాళ్ళు? గట్టిగా బాబూ."

నాకు చిరాకేసి, ఆయన్ని పట్టుకొచ్చేద్దామని వరండాలోకి వెళ్ళాను. అక్కడ ఆగిపోయాను. వరుసలో ఉన్నవాళ్ళంతా ఊపిరి బిగబట్టి వింటున్నారు. సతుర్నీనా ఒక్కో మాటకీ ఒక్కో వేలు ముడుస్తోంది. వెనక ఒకాయన పెదాలు కదుపుతూ బట్టీపడుతున్నాడు. మంగళవారం, శుక్రవారం. సంతరోజులు. పల్లెలవాళ్ళు పొద్దున్నే టోపీల కొట్టు మెట్లమీద కూర్చుని తమ ఇబ్బంది చెప్పుకునేవాళ్ళు. అది మధ్యాహ్నంలోగా కెనడావాడి సందేహమై కిటికీ దగ్గరికి చేరేది. ఆరేళ్ళుగా నా కళ్ళముందే జరిగింది. నేను పైకి చూడమని అందరికీ చెబుతూ ఉండిపోయాను.

"వాళ్ళని వెంటబెట్టుకొచ్చి మీరే అడగొచ్చుగా?" అన్నాను మెల్లగా.

"చెయ్యి పట్టుకుని తీసుకొస్తే వాళ్ళకి చిన్నతనం, అమ్మాయ్. నేను తెలివితక్కువవాణ్ణై అడిగితే ఎవరికీ చిన్నతనం లేదు" అన్నాడు, పెదవి కదిలీ కదలకుండా.

ఈలోగా సతుర్నీనా కిటికీ ముందుకెళ్ళి మూట విప్పింది. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెచ్చుకుంది కాబట్టి మంత్రసాని కాగితం ఉంది, కార్డు ఉంది. కబురు పెడితే సంతలో మూలికలమ్మే ఆమె సాక్షిగా వచ్చింది. రెండో సాక్షి లేడు. నేను ముందుకి జరిగాను.

"మున్సిపాలిటీ ఉద్యోగులు పనికిరారు" అన్నాడు బసూర్తో.

గడియారం పదకొండున్నర చూపిస్తోంది. యెనీ అమ్మమ్మ శాలువా కొస పట్టుకుంది. దోన్ ఆన్సెల్మో స్విట్జర్లాండ్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నేనుంటాను సాక్షి."

బసూర్తో ముఖం పండగలా వెలిగింది. ఆరేళ్ళ కసి తీరే రోజు అది.

"అయ్యో, సాక్షి ఈ ఊరివాడై ఉండాలండీ! అతిథులు పనికిరారు. ఊరివాడినని ఇక్కడ సంతకం పెడితే, ఇక ఆ పచ్చ బిళ్ళ మీకు జన్మలో దొరకదు. మేయరుకి ఈ కాగితం నేనే చూపిస్తాను. ఎన్నాళ్ళయింది మీరీ ఊరొచ్చి?"

"డెబ్బై ఒక్క ఏళ్ళు."

"మరి కెనడా?"

"నేనెప్పుడూ చూళ్ళేదయ్యా. ఆ పక్కూరు దాటి కూడా వెళ్ళలేదు" అన్నాడు దోన్ ఆన్సెల్మో, సంతకం పెడుతూ. "నీ బాప్తిస్మానికి టోపీ కుట్టింది నేనే. నీ తల అప్పటికే పెద్దది."

వరుసంతా పగలబడి నవ్వింది. యెనీ పేరు పన్నెండుకి అయిదు నిమిషాల ముందు రిజిస్టరులోకి ఎక్కింది. ఎల్మెర్ ఆ పిల్లని మోటారుసైకిలు మీద కూర్చోబెట్టుకుని బడికి దూసుకుపోయాడు. బిళ్ళ తీసి నా చేతిలో పెట్టినప్పుడు మాత్రం దోన్ ఆన్సెల్మో ముఖం చిన్నబోయింది. నాకు దుఃఖం ఆగలేదు.

ఆ తర్వాతి మంగళవారం నేను బిళ్ళల పెట్టె తీసుకుని తిన్నగా ఆ వరుస దగ్గరికే వెళ్ళాను. పద్దెనిమిది మందికీ గుచ్చాను.

"వీళ్ళు పర్యాటకులా?" అని గావుకేక పెట్టాడు బసూర్తో.

"కొండ దిగి మూడు గంటలు నడిచొచ్చారు. మన పైకప్పు వీళ్ళలో ఒక్కరూ చూడలేదు. ఇంతకంటే పర్యాటకులెవరు? లేవండి, టై సర్దుకోండి."

ముందు వాళ్ళకి సభామందిరం చూపించాను. ఒక ముసలాయన దేవదారు దూలాల కేసి చాలాసేపు చూసి, "ఇవి మా కొండ చెట్లే తల్లీ. మా ముత్తాతలు భుజాలమీద మోసుకొచ్చారట" అన్నాడు. అంత గొప్ప ప్రసంగంలో ఆ ముక్క నాకు తెలియదు.

మొన్న ఆరోగ్యకేంద్రం నర్సు నాకు ఫోన్ చేసింది.

"నోయెలియా, మీ దోన్ ఆన్సెల్మో ఇక్కడ తయారయ్యాడే. నెత్తిన చిలీ టోపీ. ఈ భవనం ఏ శతాబ్దం నాటిదని అడుగుతున్నాడు. కట్టి రెండేళ్ళయిందిగా, ఏం చెప్పను?"

"ఆయన వెనకాల ఎవరున్నారు?"

"ఎవరో పల్లెటూరామె. చేతిలో మందుల చీటీ పట్టుకుని బిక్కుబిక్కుమంటోంది."

"అయితే లేచి నిలబడు" అన్నాను. "ఆయన ఏమడిగినా నిదానంగా, గట్టిగా చెప్పు."