కొడుకుకు చెప్పుకోలేని జబ్బు

రుక్మిణి మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో పుట్టింది. తండ్రికి రైల్వే స్టేషన్ దగ్గర కిరాణా దుకాణం ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, దుకాణంలో హిందీ. మూడూ ఆమెకు ఒకేలా వచ్చేవి. పెళ్లయి కోర్పనా వైపు ఒక తెలుగు పల్లెకు వచ్చింది. భర్త సారయ్య పత్తి రైతు. ఆ ఊళ్లో మగవాళ్లకు బజారు పనికి సరిపడా మరాఠీ వచ్చు. ఆడవాళ్లలో చాలామందికి తెలుగు తప్ప మరొకటి రాదు.

కొత్తలో ఒకసారి బస్సు కండక్టరుతో కోడలు గలగలా మాట్లాడటం చూసి అత్త వెంకటమ్మకు ఒళ్లు మండింది.

"మొగోళ్లతోని గన్ని మాటలేంది? ఇదేమన్న మీ అయ్య దుకాణమనుకున్నవా?" అంది.

అప్పటి నుంచి రుక్మిణి ఊరు దాటితే భర్త వెనకే నడిచేది. ఏం అడగాలన్నా సారయ్యే అడిగేవాడు.

తొంభైల్లో ఆ ప్రాంతం మారసాగింది. సిమెంటు లారీల కోసం రోడ్డు వెడల్పు చేశారు. కొన్ని ఇళ్లలోకి రంగుల టీవీలు వచ్చాయి. చంద్రపూర్‌లో స్కానింగ్ సెంటర్ల బోర్డులు వెలిశాయి. పల్లెకు దగ్గరలోని సర్కారు దవాఖానలో మాత్రం డాక్టరు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆడ డాక్టరైతే అక్కడ ఎన్నడూ లేదు.

ఒక ఏడు పత్తి ఏరుతూ వెంకటమ్మ చేనులో కూలబడింది. చాలా రోజులుగా నడుం నొప్పి, పొత్తికడుపు నొప్పి అంటూనే ఉంది. సారయ్య తల్లిని రాజురాలో ఒక డాక్టరుకు చూపించాడు. డాక్టరు మరాఠీలో అడిగినదాన్ని సారయ్య తెలుగులో తల్లిని అడిగాడు.

"అవ్వా, ఇంకేమన్న అయితుందా?"

"ఏం లేదు బిడ్డా. కడుపు నొస్తుంది, గంతే."

డాక్టరు గోలీలు రాశాడు. తగ్గలేదు. మళ్లీ వెళ్లారు. మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు.

ఒక పొద్దున రుక్మిణి గొడ్ల కొట్టం వెనక్కి వెళ్లేసరికి అత్త చాటుగా గుడ్డలు ఉతుకుతోంది. నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. ముట్టు ఆగిపోయి ఏళ్లయిన మనిషి.

"ఎప్పటిసంది అత్తా?"

వెంకటమ్మ తడిగుడ్డను వెనక్కి దాచుకుంది. బండ మీద కూర్చుని ఏడ్చింది.

"వానకాలం సంది. ఎవలకు చెప్పాలె? కొడుక్కు చెప్పాల్నా? నేను వానికి చెప్తే, వాడు పోయి ఆ డాక్టరుకు చెప్పాలె. గా ముచ్చట వాని నోట్లకెళ్లి వినుడు నాతోని కాదు."

"నాకు చెప్పకపోతివి."

"ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? బయట మాట్లాడొద్దని నీ నోరు మూపిచ్చింది నేనే గద."

రుక్మిణి ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకుని తనే పిండింది. ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. "అత్తను చంద్రపూర్ దవాఖానకు నేనే తీస్కపోత. నువ్వు రావద్దు. ఆడోళ్ల సంగతి."

సారయ్య తల్లి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఏదో అర్థమైనట్టు, "బస్సు ఎక్కిచ్చి వస్త" అన్నాడు.

చంద్రపూర్ పెద్ద దవాఖానలో ఆడ డాక్టరు ముందు వెంకటమ్మ తెలుగులో గొణిగినదంతా రుక్మిణి మరాఠీలో విప్పి చెప్పింది. పరీక్ష చేశాక, ఇన్నాళ్లు ఏం చేస్తున్నారని డాక్టరు కసిరింది. ఆ ఒక్క మాటా రుక్మిణి అత్తకు చెప్పలేదు.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చాక వెంకటమ్మ దవాఖాన మెట్ల మీద కూర్చుని, "ఏమన్నది డాక్టరమ్మ? నా కాడ దాచకు" అంది.

"గర్భసంచి మూతికాడ క్యాన్సరంట అత్తా. నాగపూర్ పోయి కరెంటు పెట్టిచ్చుకుంటే ఆగొచ్చంట."

"నువ్వస్తవా?"

"రాకుంటే నిన్నొక్కదాన్ని పంపుతనా?"

కూతురు ఆశను సారయ్యకు అప్పగించి రుక్మిణి నాగపూర్ వెళ్లింది. ధర్మశాల వరండాలో స్టవ్వు మీద గంజి కాచి అత్తకు తాగించేది. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టిన రోజుల్లో వాంతులు, విరేచనాలు. వెంకటమ్మ ఇంటికి పోదామని మొండికేసింది, తిట్టింది, తిట్టినందుకు మళ్లీ ఏడ్చింది. తిరిగొచ్చేటప్పటికి సగం మనిషయింది. కానీ నెత్తురు ఆగింది.

కోలుకున్నాక ఆమె తన జబ్బును దాచలేదు. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లకు అంతా విప్పి చెప్పేది. "మీకేమన్న ఉంటే సిగ్గుపడకుండ్రి. మా కోడలికి చెప్పుండ్రి" అనేది. అలా రుక్మిణి ఊరి ఆడవాళ్లను చంద్రపూర్ తీసుకుపోవడం మొదలైంది. వాళ్లు బస్సులో ఆమె చెవిలో చెప్పినవి దవాఖానలో తప్ప మరెక్కడా ఆమె నోట బయటికి రాలేదు.

అందరికీ నయం కాలేదు. పక్క వీధి సారక్కకు రొమ్ములో గడ్డ. రుక్మిణి వెంట వెళ్లేసరికే ముదిరిపోయింది. వానలకు ముందే చనిపోయింది. ఆమె భర్త అంజన్న దినాల నాడు నలుగురిలో, "నువ్వు తీస్కపోయి ఆ జబ్బు పేరు చెప్పిచ్చినవ్. లేకుంటే ఇంకిన్ని దినాలు బతుకుతుండె" అన్నాడు. రుక్మిణి ఇంటికొచ్చి తలుపేసుకుంది. ఆ తర్వాత ఎవరు పిలిచినా చేనులో పని ఉందని తప్పించుకునేది. వెంకటమ్మ బలవంతపెట్టలేదు. చేనుకు తనే అన్నం మోసుకెళ్లి, ఇద్దరూ గట్టు మీద కూర్చుని తినేవాళ్లు.

మరుసటి చలికాలం అంజన్నే వాకిట్లోకి వచ్చాడు. వెనక అతని కోడలు దివ్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"చెల్లె, కోడలికి బాగుంటలేదు. ఏందని అడిగితె నాకు చెప్తలేదు, వాళ్లత్త ఉంటె చెప్పుకుంటుండె" అన్నాడు.

రుక్మిణి దివ్య చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి గడపలోకి వచ్చి అంది.

"పొద్దుగాల బస్సుకు పోతం అన్నా. నువ్వు పిల్లలను చూసుకో."